పనసకాయతో పాటు ఒక ఉత్తరం

పర్లాకిమిడి,
బాహుడా (తిరుగు రథయాత్ర) మర్నాడు.

చిరంజీవి చిన్నబాబుకి నాన్న దీవించి రాయునది.

ఇక్కడ మేం బాగున్నాం. మీ అమ్మ మోకాలు వానకి ముందు నొప్పి, వాన పడ్డాక మామూలు. రథయాత్రకి మీరు వస్తారని నడవలో నవారు మంచం బిగించి ఉంచాం. రాలేదు. మిల్లులో సెలవు దొరికి ఉండదు. అది అడగడానికి రాయడం లేదు. గుణుపురం మీదుగా వెళ్ళే రాయగడ బస్సులో పనసకాయ వేస్తున్నాను. ఒట్టి కాయ పంపితే ఏం బాగుంటుందని నాలుగు ముక్కలు రాస్తున్నాను, అంతే.

కాయ మన పెరటి చెట్టుదే. ఈ ఏడు 14 కాసింది. కోసే ముందు చేతులకీ కత్తికీ నూనె రాసుకోమని అమ్మాయికి చెప్పు. జిగురు బీరువా తలుపుకి అంటితే వదలదు, పెద్దక్క పెళ్ళప్పుడు ఏమైందో నీకు తెలుసు. గింజలు పారేయకండి. చంటిదానికి తొన పెట్టొద్దు, పీచు గొంతుకి అడ్డం పడుతుంది.

మొన్న గుణుపురం పిన్ని ఫోన్ చేసింది. అవీ ఇవీ మాట్లాడి ఆఖర్న, "చంటిదాని ఉయ్యాల హాల్లోకి మార్చారట కదా బావా" అంది. ఎందుకూ అంటే, నాకేం తెలుసు అని మాట తప్పించింది. ఉయ్యాల జాగా మార్చడం పెద్ద విషయమేమీ కాదు. పడకగదిలో గాలి రాక మార్చి ఉంటారు. ఆషాఢంలో రాయగడలో గాలి లేకపోవడం నేనెప్పుడూ చూడలేదు గానీ, ఉండొచ్చు.

ఫోన్లో అడిగితే "అంతా బాగానే ఉంది నాన్నా, డ్యూటీలో ఉన్నా" అంటావు. మూడు వారాలుగా అదీ లేదు.

మజ్జిగౌరమ్మ గుడికి వెళుతున్నారా? వెళితే మీ అమ్మ మొక్కు ఒకటి ఉంది, 11 కొబ్బరికాయలు. దేనికో ఆవిడ చెప్పదు.

ఇల్లు తీసుకునేటప్పుడు ఒక్కసారి డాబా ఎక్కి చూస్తానన్నాను. ఇంజనీరు చూశాడు నాన్నా అన్నావు. సరే అన్నాను. నలభై ఏళ్ళు డాబాలు పోసినవాడు చూడటం వేరురా అని అనలేదు, ఇప్పుడూ అనను. గృహప్రవేశం నాడు ఒకటి మాత్రం గమనించాను. అన్ని గదుల్లోనూ సీలింగుకి పాత రంగు, పడకగదికి మాత్రం కొత్త రంగు. ఇల్లు అమ్మేవాడు ఒక్క గది సీలింగుకి రంగు ఎందుకు వేయిస్తాడు? అప్పటికి పాలు పొంగుతున్నాయి. నోరు మూసుకున్నాను.

ఇక ఇది మీ ఇంటి గురించి కాదు, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. సీలింగులో మరక ఎక్కడుందో పైన చిల్లు అక్కడే ఉంటుందనుకోకూడదు. నీరు దొరికిన సందు పట్టుకుని, కరెంటు గొట్టంలోంచో ఫ్యాను కొక్కెం మీంచో ఎక్కడో దిగుతుంది. ఫ్యాను దగ్గర తడి కనిపిస్తే ముందు మెయిన్ ఆపాలి, తర్వాత మిగతా మాటలు. ఎప్పుడు కారుతోందో చూసుకోవాలి. వాన పడుతుండగానే కారితే పగులో, తూము పక్కనో, పిట్టగోడ మొదట్లోనో దారి ఉంది. వాన వెలిశాక కూడా ఒకటి రెండు రోజులు కారుతూ ఉంటే పైన నీరు నిలిచినట్టు, లేదా పాత పూతల మధ్య దాక్కున్నట్టు. ఎండలో కూడా చెమ్మ ఆరకపోతే డాబాని తిట్టకు, ట్యాంకు పైపు చూడు.

వాన వెలిసిన మర్నాడు పైకెక్కి, నీరు నిలిచిన చోటల్లా చుట్టూ సుద్దముక్కతో గీత గీయాలి. ఆరాక ఆ గీతలే చెబుతాయి వాలు ఎక్కడ చచ్చిందో. 10 అడుగులకి అంగుళంన్నర వాలు ఉండాలి, మట్టం గొట్టం, అదే నీళ్ళు నింపిన పైపు, పెట్టి చూస్తే తెలిసిపోతుంది. తూము నోట్లో ఆకులు తీయాలి. పిట్టగోడా శ్లాబూ కలిసే మూలలో ఎండకి ఒకటి ఒకలా, ఇంకొకటి ఇంకోలా సాగుతాయి, అక్కడే వెంట్రుకంత పగులు వస్తుంది. దాంట్లో సిమెంటు కూరితే మరుసటి ఎండకి మళ్ళీ విడిపోతుంది. కాస్త వెడల్పు చేసి, సాగే సీలెంటు పెట్టి, మూలంతా గుండ్రంగా గోలా తీయాలి. రావి మొక్క ఉంటే పైపైన తుంచొద్దు, వేరుతో తీయాలి. పాచి పట్టిన డాబా మీద జారకుండా చూసుకుని నడవాలి, పిట్టగోడకి ఆనుకోకూడదు. నువ్వు చిన్నప్పుడు ఎలా ఆనుకునేవాడివో నాకింకా ఒళ్ళు జలదరిస్తుంది.

నీరు కట్టి చూడమంటారు కొందరు. తూములు మూసి, ఇసుకతో మడి కట్టి, అంగుళం నీరు పోసి ఒకటి రెండు రోజులు ఉంచడం. మంచిదే, కానీ 10 అడుగుల గదంత మడిలో అంగుళం నీరు 236 కిలోలు. అడుగున పెచ్చులూడుతున్న శ్లాబు మీద ఆ పని చేయకూడదు. పెచ్చులూడుతున్నాయని కాదు, మాటవరసకి చెబుతున్నాను.

కాశీనగరం మాస్టారి డాబా సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. మీ అమ్మకి సగం తెలుసు. 1994లో. అప్పట్లో నా చేతికింద పన్నెండు మంది. మాస్టారు జీతంలో మిగిల్చి, ఎకరం అమ్మి ఇల్లు మొదలెట్టారు. శ్లాబు పోసే రోజు పొద్దున ఆరింటికి మిల్లరు, కాంక్రీటు కలిపే యంత్రం, తిప్పాం. ఆ మిల్లరు కూడా ఒక కథ, దాని బెల్టు రెండుసార్లు తెగింది, సరే అది వదిలేయ్. సగం పోశామో లేదో మీ మావ సైకిలేసుకొచ్చి, అక్కకి నొప్పులు మొదలయ్యాయి బావా అన్నాడు. శ్లాబు మధ్యలో ఆపకూడదు. చిన్న మేస్త్రీకి అప్పగించి వచ్చేశాను. ఆ రాత్రి నువ్వు పుట్టావు, ఎలుకపిల్లలా ఇంత. నిన్ను చూసి డాబా మాటే మర్చిపోయాను.

మూడు వారాలకి సెంట్రింగు విప్పితే అడుగున ఊచల గీతలు వరసగా కనిపించాయి. నేను లేనప్పుడు కూలీలు ఊచల జాలీ మీద తొక్కుకుంటూ తిరిగారు. ఊచలు పలకలకి తగలకుండా కింద పెట్టిన కవరు దిమ్మలు జరిగిపోయి ఊచలు పలకలకి ఆనిపోయాయి. ఊచ కింద కనీసం 20 మిల్లీమీటర్లు కాంక్రీటు ఉండాలి, అక్కడ గోరు మందం లేదు. మాస్టారు బడిలో ఉన్నారు. సాయంత్రం ఆయన వచ్చేలోపు ప్లాస్టరింగు కొట్టేశాను, అద్దంలా. ఆయన చూసి, పని అంటే నీదేనయ్యా అన్నారు. చేతిలో డబ్బులు పెట్టి, కొడుకు పుట్టాడట కదా, మిఠాయి కొనుక్కెళ్ళు అన్నారు. కొనుక్కొచ్చాను కూడా.

2003లో కబురొచ్చింది, సీలింగులో మరక అని. వెళ్ళి పైన తారు పూశాను. మరుసటేడు ఇంకో చోట. పైన అంగుళం సిమెంటు మాలు వేయించాను. తప్పు మీద తప్పు. అంగుళం మాలంటే చదరపు అడుగుకి 5 కిలోల దాకా బరువు, 800 అడుగుల డాబాకి 4 టన్నులు. అసలే నీరసించిన శ్లాబు మీద ఆ బరువు పెట్టాను. లోపల ఊచ తుప్పు పడితే ఉబ్బుతుంది. ఇనుము కన్నా తుప్పుకి చోటు ఎన్నో రెట్లు ఎక్కువ కావాలి, చోటు లేక కింది కాంక్రీటుని నెట్టేస్తుంది. నాకు తెలియక కాదు. సరైన మరమ్మతు మొదలెడితే ప్లాస్టరు వెనక ఏముందో చెప్పాల్సి వచ్చేది కదా.

2005 శ్రావణంలో ఒక మధ్యాహ్నం మాస్టారు భోంచేసి చెయ్యి కడుక్కోవడానికి లేచారు. విస్తట్లో పెచ్చు పడింది. నేను వెళ్ళేసరికి ఆ విస్తరి తీయకుండా అలాగే ఉంచారు. మజ్జిగ మెతుకుల్లో అరచెయ్యి మందం పెచ్చు, దానికి ఊచ గాడి చక్కగా అచ్చుపడి ఉంది. "నీకిది ముందే తెలుసా?" అన్నారు. తెలుసు మాస్టారూ అన్నాను. "మొదటి రోజే చెప్పి ఉంటే ఇద్దరం కూర్చుని ఏదో ఒకటి ఆలోచించేవాళ్ళం కదయ్యా" అన్నారు. అంతే, గొంతు పెంచలేదు. టీ తెప్పించారు. నేను తాగలేకపోయాను. 22 రోజులు కూలి తీసుకోకుండా పని చేశాను. రాత్రి ఎందుకు ఆలస్యంగా వస్తున్నావని నువ్వు అలిగేవాడివి, గుర్తుందో లేదో.

పనసకాయ దగ్గర మొదలెట్టి ఎక్కడికో వచ్చాను.

ఆ 22 రోజుల్లో చేసిందే ఇప్పటికీ సరైన పద్ధతి. ముందు కింద ఊతలు పెట్టి శ్లాబుని నిలబెట్టాలి. పైన పాత పూతలన్నీ తీసేయాలి, వాటి మీదే కొత్తది వేయకూడదు. నీరు రావడం ఆపాకే కింది పని. సీలింగుకి రంగు పూసి మరక పోయిందనుకోవడం, జ్వరం వచ్చినవాడికి పౌడరు రాయడం ఒకటే. కింద గుల్లబారినదంతా కొట్టేసి, ఊచ వెనక వేలు దూరేదాకా తవ్వి, తుప్పు వైరు బ్రష్షుతో రుద్ది, ఊచకి తుప్పు పట్టనివ్వని ప్రైమరు పూసి, పాలిమరు కలిపిన మాలుతో పొరలు పొరలుగా నింపాలి. ఊచ పావు వంతు అరిగిపోయి ఉంటే పక్కన కొత్త ఊచ కట్టాలి. శ్లాబు మధ్యలో దిగినా, గదంతా ఊచలు పొడి రాలుతున్నా మరమ్మతు మాట మానేసి ఆ భాగం తీసి కొత్తగా పోసుకోవడమే. అది మాత్రం నా మాట మీద చేయొద్దు, ఇంజనీరుకి చూపించు. చూశావా, నేనే చెబుతున్నాను.

వాటర్‌ప్రూఫింగు వాడు పదేళ్ళ గ్యారంటీ కాగితం ఇస్తాడు. ఆ కాగితం నానకుండా దాచుకోవడానికి చోటు ఉండాలి ముందు. ఏ పూతైనా డాబా బాగా ఆరాకే వేయాలి, రెండు పొరలు, ఒకటి నిలువు ఒకటి అడ్డం, మూలల్లో జాలీ గుడ్డ పెట్టి. ఇప్పుడు వానల్లో ఎవడైనా రేపే వేసేస్తానంటే గేటు తీయకు. ఇప్పటికి టార్పాలిన్ కప్పి, నీరు తూము వైపు పోయేలా చూడు, చాలు. వానలు తగ్గాక నాలుగు ఎండ రోజులు దొరికితే అక్టోబరు లోపు పిట్టగోడ మూలలైనా పూర్తి చేయాలి. అక్టోబరు మనకి ఎలాంటి నెలో తెలుసుగా. 2013లో 12న ఫైలిన్ తుఫాను, 2018లో 11న తిత్లీ తుఫాను. పైన రేకుల షెడ్డు వేసేస్తే గొడవ ఉండదంటారు గానీ, తిత్లీకి మన నడవ రేకులు పక్కింటి బావి దగ్గర దొరికాయి. వేస్తే శ్లాబులోకి బోల్టులు దింపి వేయాలి, ఆ బోల్టు కన్నాల దగ్గర మళ్ళీ చెమ్మ రాకుండా చూసుకోవాలి.

డబ్బు సంగతైతే మీ అమ్మ పోస్టాఫీసు పుస్తకం ఒకటి ఉంది. నాకు తెలియదనుకుంటుంది.

మా నాన్న రోజుల్లో సున్నం డాబాలు. ఇటుక జల్లి, సున్నం పరిచి, కరక్కాయా బెల్లం నానబెట్టిన నీళ్ళు చల్లుతూ, ఆడవాళ్ళు వరసగా కూర్చుని కొయ్య దిమ్మెలతో రోజుల తరబడి కొట్టేవారు, దిమ్మె తిరిగి ఎగిరిపడేదాకా. ఆయన కింద నీడలో పడుకుని, ఫలానా మూల ఇంకా కొట్టాలే అని అరిచేవాడు. డాబా చెవితో చూడాలిరా అనేవాడు.

సంచి అడుగున పాత తువ్వాలులో చుట్టి ఉన్నది నా చిన్న సుత్తి. పనసకాయ కింద పెట్టాను, కాలి మీద పడేసుకోకు. స్టూలు ఎవరినైనా పట్టుకోమని, కళ్ళజోడు పెట్టుకుని, తలకి హెల్మెట్ పెట్టుకుని, పడకగది సీలింగు మూల నుంచి జానెడు జానెడు దూరంలో నెమ్మదిగా తట్టుకుంటూ రా. గట్టిగా ఉన్నచోట ఠంగుమంటుంది. గుల్లబారినచోట కుండ మీద కొట్టినట్టుంటుంది. నీకు తేడా తెలియకపోవచ్చు. ఫోను స్పీకరులో పెట్టి పక్కన ఉంచు. మాట్లాడక్కర్లేదు, నేను వింటాను. ఆదివారం పొద్దున అయితే ఇక్కడ చప్పుడు తక్కువ. చంటిది పడుకున్నప్పుడు కొట్టకు.

నాన్న