ఆ 21 వేల సంతకాల సంగతి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో హవాయి మీద మీరు వేసిన పేజీ చదివాను. ఫొటోలు చాలా బాగున్నాయి, ఏ దీవిలో ఏం చూడాలో, ఎప్పుడు వెళ్తే మంచిదో అన్నీ వివరంగా ఇచ్చారు. హైదరాబాద్‌లో ఇప్పుడు పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు ఎన్నో, వాళ్ల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలు వీలైతే హవాయి కూడా చూసొస్తున్నారు కాబట్టి అలాంటి పేజీ అవసరమే. కానీ చరిత్ర దగ్గరికొచ్చేసరికి '1898లో అమెరికాలో కలిసింది' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అది చదివి మనసు ఒప్పుకోక రాస్తున్నాను. మేం కలవం అని అక్కడి జనం సంతకాలు పెట్టి మరీ చెప్పారండీ, ఎవరూ వినిపించుకోలేదు.

హవాయి ఒక రాజ్యం అని మన దగ్గర చాలామందికి తెలియదు. మొదటి కమేహమేహ 1795లో ఓవాహు దీవిని యుద్ధం చేసి గెలిచాడు, 1810కల్లా చివరి దీవి కవాయి కూడా ఆయన ఏలుబడిలోకి వచ్చింది. 1840లో లిఖిత రాజ్యాంగం రాసుకున్నారు, 1843 నవంబర్ 28న బ్రిటన్, ఫ్రాన్స్ రెండూ కలిసి ఇది స్వతంత్ర దేశం అని ప్రకటన ఇచ్చాయి. అప్పటికి మన మద్రాసు, బొంబాయి అన్నీ కంపెనీ వాళ్ల చేతుల్లో ఉన్నాయని గుర్తు చేసుకుంటే పసిఫిక్ మధ్యలో ఉన్న ఆ చిన్న రాజ్యం ఎంత సాధించిందో అర్థమవుతుంది.

అక్కడి రాజు ఒకాయన మన దేశం కూడా వచ్చాడు. పేరు కలాకౌవా. 1881లో ప్రపంచ యాత్రకు బయలుదేరి జపాన్, చైనా, సయాం, బర్మా మీదుగా కలకత్తాలో దిగి, రైలెక్కి బొంబాయి వెళ్లి, అక్కణ్ణుంచి ఈజిప్టు, యూరప్, అమెరికా చూసుకుని ఇంటికి చేరాడు. సింహాసనం మీద ఉండగా భూమి చుట్టి వచ్చిన మొట్టమొదటి రాజు ఆయనే. ఆ ఏడు మన హైదరాబాద్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇంకా కుర్రాడు, రాజ్యం సాలార్‌జంగ్ నడుపుతున్నాడు. కలాకౌవా ఊరికే ఊళ్లు చూడ్డానికి రాలేదు. ఓడల్లో వచ్చిన మశూచి, తట్టు లాంటి రోగాలకు ఆయన జనం వేలకు వేలు పోయారు, చెరకు తోటల్లో పనిచేసే చేతుల్లేవు, కూలీలు ఎక్కడ దొరుకుతారా అని దేశదేశాలూ అడుగుతూ వెళ్లాడు. (మనవాళ్లు హవాయికి వెళ్లలేదు గానీ తర్వాత 1903 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి ఫిజీ చెరకు తోటలకు వెళ్లిన తెలుగువాళ్లు ఉన్నారు, అది ఇంకో పేజీకి సరిపడా కథ.) జపాన్ చక్రవర్తితో మాట్లాడుతూ ఆసియా దేశాలన్నీ ఒక కూటమి కట్టాలని, మీరే దానికి పెద్దగా ఉండాలని అడిగాడు, ఐదేళ్ల తన మేనకోడల్ని జపాన్ రాజకుమారుడికి ఇస్తామని కూడా అన్నాడు. జపాన్ మర్యాదగా కాదంది. అమెరికా నీడ మీద పడుతోందని ఆ రాజుకు అప్పటికే తెలుసని నాకనిపిస్తుంది.

ఆయన భయపడ్డట్టే అయింది. 1887లో తెల్ల వ్యాపారులు తమ సాయుధ దళాన్ని వెనకేసుకుని రాజు చేత కొత్త రాజ్యాంగం మీద బలవంతంగా సంతకం చేయించారు. దాంతో రాజు అధికారం పోయింది, ఆస్తీ ఆదాయం అంతగా లేని స్థానికులకు ఎగువ సభ ఎన్నికల్లో ఓటు లేకుండా పోయింది, ఆసియా వాళ్లకు అసలే లేదు, అక్కడి పౌరులు కూడా కాని అమెరికన్లకు మాత్రం ఓటు వచ్చింది. ఆయన తర్వాత గద్దెనెక్కిన చెల్లెలు లిలియుఓకలాని రాణి ఆ రాజ్యాంగాన్ని మార్చి ఓట్లు తిరిగి ఇస్తానని 1893 జనవరి 14న పూనుకుంది. మూడు రోజుల్లో, జనవరి 17న, ఆమెను దించేశారు. ముందురోజే అమెరికా రాయబారి పిలుపుతో యుద్ధనౌక నుంచి 160 మందికి పైగా సైనికులు హొనొలులులో దిగారు. రక్తం పారకూడదని రాణి తలవంచి, అమెరికా ప్రభుత్వమే న్యాయం చేయాలని అడిగింది. ప్రెసిడెంట్ క్లీవ్‌లండ్ విచారణ చేయించి, జరిగింది తప్పే అని అదే ఏడాది కాంగ్రెస్‌కు రాశాడు కూడా. రాజ్యం మాత్రం తిరిగి రాలేదు.

మీ పేజీలో 'తప్పక ఫొటో దిగాల్సిన చోటు' అని వేసిన ఇయొలాని ప్యాలెస్ ఉందే, 1895లో రాణిని ఎనిమిది నెలలకు దగ్గరగా బంధించింది ఆ ప్యాలెస్ మేడ మీద గదిలోనే. వైట్‌హౌస్ కన్నా ముందే కరెంటు దీపాలు వెలిగిన భవనం అది. ఆ గదిలో కూర్చుని ఆమె పట్టు ముక్కలు, రిబ్బన్లు కలిపి ఒక బొంత కుట్టింది. మధ్య గడిలో హవాయి జెండాలు, తన నిర్బంధం సంగతి దారంతోనే రాసి ఉంటాయి. ఆ బొంత ఇప్పటికీ ఆ గదిలోనే ఉంది, చూడ్డానికి వెళ్లేవాళ్లకు ఈ మాట ముందే చెప్పాలా వద్దా?

ఇక సంతకాలు. 1897లో విలీన ఒప్పందం అమెరికా సెనెట్ ముందుకు వస్తుంటే అక్కడి దేశభక్త సంఘాలు దీవి దీవికీ తిరిగి అర్జీ మీద సంతకాలు సేకరించాయి. ఒక్క సంఘం అర్జీ మీదే 21 వేలకు పైగా. అప్పటికి స్థానిక హవాయి జనాభా పిల్లాజెల్లాతో కలిపి దాదాపు 40 వేలు మాత్రమే! మగవాళ్లకు వేరు కాగితాలు, ఆడవాళ్లకు వేరు కాగితాలు, ప్రతి పేరు పక్కన వయసు. నలుగురు ప్రతినిధులు వాటిని వాషింగ్టన్ మోసుకెళ్లారు, ఒప్పందానికి మూడింట రెండొంతుల ఓట్లు రాక ఆగిపోయింది. తర్వాత 1898లో స్పెయిన్‌తో యుద్ధం రావడంతో ఫిలిప్పీన్స్ దారిలో మజిలీ కావాలని, మామూలు మెజారిటీ సరిపోయే, కాంగ్రెస్ రెండు సభల ఉమ్మడి తీర్మానం పెట్టి కలిపేసుకున్నారు. ఆ కాగితాలు నేషనల్ ఆర్కైవ్స్‌లో పడి ఉంటే 1990లలో ఒక హవాయి పరిశోధకురాలు బయటికి తీసింది, మనవలు, మునిమనవలు వాటిలో తమవాళ్ల పేర్లు వెతుక్కున్నారు. రాణిని దించేసినందుకు 1993లో అమెరికా కాంగ్రెస్ క్షమాపణ తీర్మానం చేసింది.

ప్రతి సెప్టెంబర్ 17కీ మన నగరం చరిత్ర మీద మీరు పేజీలకు పేజీలు వేస్తారు, అన్ని వైపుల వాదనలూ ఇస్తారు. ఆ రెండూ ఒకటే అని నేననడం లేదు. ఇక్కడ పల్లెల్లో జనం నిజాం మీద, దొరల మీద తిరగబడ్డారు, అక్కడ జనం తమ రాణి పక్షాన నిలబడ్డారు, పోలిక అక్కడే తెగిపోతుంది. కానీ ఒక రాజ్యం ఇంకో దేశంలో కలిసిందంటే అక్కడి మనుషులు ఏమనుకున్నారు అని అడగడం మీకు బాగా వచ్చు. హవాయి విషయంలో కూడా ఆ ఒక్క ప్రశ్న వేయండి.

ఇంకొకటి, అక్కడి బడుల్లో హవాయి భాషను 1896 చట్టంతో పక్కకు నెట్టేశారు. 1978లో మళ్లీ అధికార భాష అయింది, 1984 నుంచి చంటిపిల్లలకు హవాయి మీడియం బడులు పెట్టుకున్నారు. తెలుగు మీడియం ఉండాలా వద్దా అని ఇంత గొడవపడే మనకు ఇది ఉపయోగపడే విషయమే.

జనవరి 17 దగ్గరికి ఒక అర పేజీ కేటాయించండి. బీచ్ ఫొటో బదులు ఆ అర్జీలో ఒక కాగితం వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
చిక్కడపల్లి, హైదరాబాద్