స్పైడర్‌మ్యాన్ 2కి మొదటి ర్యాంకు ఎందుకివ్వాలంటే

సంపాదకుల వారికి నమస్కారం.

ఆదివారం అనుబంధంలో వేసిన 'టాప్ 10 సూపర్‌హీరో సినిమాలు' జాబితా గురించి ఈ ఉత్తరం. అందులోని సినిమాల మీద పెద్దగా అభ్యంతరం లేదు. వాటిని వరసపెట్టిన పద్ధతి మీదే ఉంది. వసూళ్లు ఎక్కువున్నది పైన, తక్కువున్నది కింద, పక్కన సమీక్షలను పోగేసే వెబ్‌సైటు రాటెన్ టొమాటోస్ ఇచ్చే శాతం. ఏ సినిమా గొప్పదో ఈ రెంటితో తేలదు.

ముందు వసూళ్ల సంగతి. 1978 నాటి 'సూపర్‌మ్యాన్' ఉత్తర అమెరికాలో సుమారు 13.4 కోట్ల డాలర్లు వసూలు చేసింది. 2019లో 'అవెంజర్స్: ఎండ్‌గేమ్' అక్కడే 85.8 కోట్లు తెచ్చింది. ఆరు రెట్లకు పైనే. కానీ 1978లో అక్కడ సగటు టికెట్ ధర 2.34 డాలర్లు, 2019లో 9.16. భాగించి చూస్తే మొదటిదానికి 5.7 కోట్ల టికెట్లు, రెండోదానికి 9.4 కోట్లు. ఆరు రెట్ల తేడా కాస్తా రెండు రెట్లకు కూడా అందలేదు. 'ది డార్క్ నైట్', 'బ్లాక్ ప్యాంథర్' మధ్య డాలర్లలో దాదాపు 17 కోట్ల తేడా కనబడుతుంది. 2008 నాటి 7.18తో ఒకదాన్ని, 2018 నాటి 9.11తో రెండోదాన్ని భాగిస్తే మిగిలే తేడా పాతిక ముప్ఫై లక్షల టికెట్లే. త్రీడీ టికెట్లకు ధర ఎక్కువ కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్క. అయినా డాలర్ల వరస కన్నా నమ్మదగినది.

రాటెన్ టొమాటోస్ శాతం మార్కు కాదు. ఎంతమంది విమర్శకులు 'ఫర్వాలేదు, చూడొచ్చు' అన్నారో చెప్పే లెక్క అది. వందమందీ పదికి ఆరు వేసిన సినిమాకు 100 శాతం రావచ్చు. యాభైమంది పదికి పది వేసి, మిగతా యాభైమంది నచ్చలేదన్న సినిమా 50 దగ్గర ఆగిపోతుంది. సాహసం చేసిన సినిమా ఈ కొలతలో ఎప్పుడూ నష్టపోతుంది.

మరి దేన్ని బట్టి వరసపెట్టాలి? సూపర్‌హీరో సినిమాకు ప్రాణం శక్తి. ఆ శక్తి ఏం చేయగలదు, ఎక్కడ ఆగిపోతుంది, వాడినందుకు ఆ మనిషికి ఏం ఖర్చవుతుంది అన్నది సినిమా తొలి అరగంటలో చెప్పి, చివరిదాకా ఆ మాట మీద నిలబడాలి. రెండోది బరువు. తెర మీద ఎగిరే, దూకే, పడే ఒంటికి బరువుందని కంటికి తెలియాలి. మూడోది, ముందు వచ్చిన సినిమాలేవీ చూడనివాడికి కూడా కథ అర్థం కావాలి. 'ఎండ్‌గేమ్' మార్వెల్ వరసలో 22వ సినిమా. ముందటి 21లో కనీసం సగమైనా చూడనివాడికి ఆ చివరి యుద్ధంలో ఎవరొచ్చినా ఒకటే. పండగలాంటి సినిమాయే, కాదనను. దానంతట అది నిలబడే సినిమా మాత్రం కాదు.

బరువు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే గ్రాఫిక్స్ బాగున్నాయి, బాగోలేదు అనే మాటలన్నీ చాలావరకు దీని గురించే. ఐదు మీటర్ల ఎత్తు నుంచి పడే మనిషికి నేల తాకడానికి ఒక సెకను పడుతుంది. సినిమాలో అది 24 ఫ్రేములు, అంటే 24 విడి బొమ్మలు. ఇరవై మీటర్ల నుంచైతే రెండు సెకన్లు, 48 ఫ్రేములు. ఇరవై మీటర్ల మేడ మీంచి దూకినవాడు 30 ఫ్రేములకే నేల మీదుంటే బొమ్మను విసిరినట్టుంటుంది, 70 పడితే బుడగలా తేలినట్టుంటుంది. స్లో మోషన్ లేని షాట్ ఒకటి తీసుకుని వీఎల్‌సీ ప్లేయర్‌లో కీబోర్డు మీది ఇంగ్లీషు 'E' అక్షరం నొక్కుతూ పోతే ఒక్కో ఫ్రేమే కదులుతుంది, ఎవరైనా లెక్కపెట్టవచ్చు. దూకేముందు మోకాళ్లు వంగాయా, దిగాక నడుము కుంగిందా, కాలికింద దుమ్ము లేచిందా అన్నవి కూడా చూడాలి. కుర్రాళ్లు యానిమేషన్ నేర్చుకునేటప్పుడు మొదట తప్పేది ఇక్కడే: దూకడం చక్కగా వేస్తారు, దానికి ముందూ వెనకా ఉండాల్సిన ఆ నాలుగైదు ఫ్రేములు వదిలేస్తారు.

'బ్లాక్ ప్యాంథర్' చివరి పోరాటం దెబ్బతిన్నదీ ఇందుకే. గనిలో రైలు పట్టాల మీద నల్ల సూట్లలో ఇద్దరు, ముఖాలు కనబడవు, వెలుగు తక్కువ, ఒళ్లు రెండూ కంప్యూటర్లో చేసినవి. దెబ్బ తగిలినప్పుడు అవి గాల్లో గింగిరాలు తిరుగుతాయి తప్ప బరువు తెలియదు. రూత్ కార్టర్ దుస్తులకు, హానా బీచ్‌లర్ కళాదర్శకత్వానికి, లుడ్విగ్ గోరాన్సన్ సంగీతానికి వచ్చిన మూడు ఆస్కార్లూ న్యాయమైనవే. ఉత్తమ చిత్రం విభాగంలో నామినేషన్ అందుకున్న తొలి సూపర్‌హీరో సినిమా కూడా అదే. అన్నీ ఉన్నా ఆ పోరాటం వల్ల ఎనిమిదో స్థానం దాటి పైకి రాదు.

మొదటి స్థానం శామ్ రైమి తీసిన 'స్పైడర్‌మ్యాన్ 2' (2004)ది. ముందటి కథను టైటిల్స్‌లోనే కామిక్స్ చిత్రకారుడు అలెక్స్ రాస్ బొమ్మలతో చెప్పేసి, కొత్త ప్రేక్షకుడిని రెండు నిమిషాల్లో కూర్చోబెడుతుంది. తర్వాత వచ్చే మొదటి పరీక్ష పిజ్జా డెలివరీ. 29 నిమిషాల్లో చేరకపోతే డబ్బు రాదు, ఉద్యోగం పోతుంది. హీరో పీటర్ ఎనిమిది పెట్టెలు చేత పట్టుకుని సాలెదారం మీద ఊగుతూ వెళ్తాడు, దారిలో పిల్లల్ని కాపాడతాడు, ఆలస్యమవుతుంది, ఉద్యోగం పోతుంది. శక్తికి కట్టాల్సిన వెల ఏమిటో ఇంత చవకగా, ఇంత స్పష్టంగా చెప్పిన సీను ఈ తరహా సినిమాల్లో మరొకటి లేదు. అద్దె, చదువు, ప్రేమ, చివరికి ఆ శక్తి కూడా ఒక్కొక్కటిగా జారిపోతాయి.

ఆ తర్వాత రైలు. ఆగని రైలు ముందు నిలబడి మొదట కాళ్లు పట్టాల మీద ఆనిస్తాడు. చెక్కలు విరుగుతాయి గానీ రైలు ఆగదు. రెండు పక్కలా మేడలకు దారాలు వేస్తాడు, గోడలు ఊడొస్తాయి. ఈసారి రెండు చేతులా ఒకదాని మీద ఒకటి డజన్లకొద్దీ దారాలు వేసి పట్టుకుంటాడు. సూటు చిరుగుతుంది, మాస్కు లేదు, ముఖంలో నరాలు తేలతాయి. రైలు ఒక్కసారిగా ఆగదు, సాగి సాగి ఆగుతుంది. బరువు తెలిసేది ఆ సాగడంలోనే. స్పృహ తప్పినవాణ్ని ప్రయాణికులు తలల మీదుగా చేతుల్తో లోపలికి మోసుకెళ్తారు. కథ జరిగే న్యూయార్క్‌లో, మన్‌హట్టన్ నడిబొడ్డున అలా స్తంభాల మీద నడిచే రైలు లేదు, ఆ దృశ్యాలు షికాగోలో తీశారు. విలన్ ఆక్టోపస్ డాక్టరు ఇనుప చేతుల్ని చాలా షాట్లలో నిజంగానే తయారుచేసి, తోలుబొమ్మలాటలోలా మనుషులే ఆడించారు. ఆ చేతులు రెండు పక్కలా తెరలో ఇమడాలనే మొదటి భాగం కన్నా ఈ సినిమాను వెడల్పు ఫ్రేములో తీశారు: వెడల్పు ఎత్తుకు 1.85 రెట్లున్నది 2.39 రెట్లయింది. విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ కూడా వచ్చింది. మీ జాబితాలో ఇది అసలు లేదు.

రెండో స్థానం 'స్పైడర్‌మ్యాన్: ఇన్‌టు ది స్పైడర్‌వర్స్' (2018). యానిమేషన్ చదివేవాళ్లందరూ ఫ్రేము ఫ్రేమూ చూడాల్సిన సినిమా. అడవిలో ఊగే సీనులో అనుభవమున్న స్పైడర్‌మ్యాన్ పీటర్ సెకనుకు 24 భంగిమలతో కదులుతాడు, ఇంకా నేర్చుకుంటున్న మైల్స్ 12తోనే. ఒక్కో భంగిమ రెండు ఫ్రేములు నిలవడంతో మైల్స్ కదలిక తడబడినట్టుంటుంది. అతనికి పని పట్టుబడేకొద్దీ ఆ తడబాటు పోతుంది. డైలాగు అక్కర్లేకుండా అనుభవం తేడా చెప్పారు. మేడ అంచు నుంచి దూకేటప్పుడు అతని వేళ్లు వదలవు, అంటుకున్న అద్దం పగిలి చేత్తోపాటే వస్తుంది. భయం ఇంకా పోలేదని ఆ ముక్కలు చెబుతాయి.

'ది డార్క్ నైట్' మూడోది. లాసాల్ వీధిలో, అదీ షికాగోలోనే, పద్దెనిమిది చక్రాల లారీని కింద పిస్టన్ పెట్టి నిజంగా బోర్లా తిప్పారు. అందుకే దర్శకుడు నోలన్ సినిమాలో బరువు గురించి చర్చ అక్కర్లేదు. హీరో తల తిప్పగలిగే కొత్త సూటు అడిగితే, పలకల మధ్య సందులు పెరిగి కత్తికీ తూటాకూ దారి దొరుకుతుందని ముందే చెబుతారు. శక్తికి హద్దు గీయడమంటే అది. చివర్లో ఊళ్లోని ఫోన్లన్నిటితో దేన్నైనా చూసేసే యంత్రం తెచ్చి ఆ హద్దును చెరిపేశారు, ఒక మెట్టు దిగింది అక్కడే.

నాలుగు 'ది ఇన్‌క్రెడిబుల్స్'. సాగే ఒళ్లున్న తల్లి వేర్వేరు తలుపుల మధ్య ఒకేసారి ఇరుక్కునే సీను చాలు. ఐదు 1978 నాటి 'సూపర్‌మ్యాన్'. సూటు నీలం, తర్వాత ఆకాశం అతికించడానికి తీసేసే వెనక తెరా నీలం, ఆ తెర ముందు తీస్తే మనిషే మాయమైపోతాడు. దాంతో ఆ షాట్లకు సూటు రంగు కొంచెం ఆకుపచ్చ వైపు మార్చారు. ఎగిరే షాట్లకు జోరాన్ పెరిసిక్ కనిపెట్టిన పద్ధతి వాడారు. కెమెరాకూ, వెనక ఆకాశం బొమ్మ వేసే ప్రొజెక్టరుకూ జూమ్ లెన్సులు పెట్టి రెంటినీ కలిపి తిప్పితే వెనక ఆకాశం అలాగే ఉంటుంది, ముందున్న మనిషి మాత్రం పెద్దవాడై మీదికొస్తున్నట్టుంటాడు. క్రిస్టఫర్ రీవ్ కదిలింది లేదు. ఇంత పనితనమున్న సినిమా చివర్లో భూమిని వెనక్కి తిప్పి చనిపోయిన మనిషిని బతికించడం ఘోరమైన తప్పు. కాలాన్నే తిప్పగలవాడికి ఇక ఏ ఆపదా లేదు.

ఆరు 'మిన్నల్ మురళి' (2021). ఒకే రాత్రి ఇద్దరి మీద పిడుగు పడుతుంది, ఒకడు దర్జీ, ఒకడు ఊరు వెలేసినవాడు. విలన్‌కు ఇంత న్యాయం చేసిన సినిమా మన దేశంలో లేదు. ఏడు 'లోగన్', గాయాలు మానడం మందగించిన ముసలి హీరో కథ. ఎనిమిది, ముందే చెప్పిన 'బ్లాక్ ప్యాంథర్'.

తొమ్మిదో స్థానం మన 'హను-మాన్' (2024)కు ఇస్తాను. 1980లో ఎన్టీఆర్ 'సూపర్‌మ్యాన్'లోనూ శక్తినిచ్చింది ఆంజనేయుడే. అక్కడ కండలు తిరిగిన హీరో, ఇక్కడ చిల్లర దొంగతనాలు చేసే పల్లెటూరి కుర్రాడు. హీరోకు దొరికిన మణికి సూర్యకాంతి తగిలితేనే శక్తి అన్న నియమం మంచి హద్దు. సూపర్‌హీరో కావాలంటే అనాథ కావాలని తల్లిదండ్రుల్నే చంపుకున్న విలన్ ఆలోచన అంతకన్నా మంచిది. క్లైమాక్సులో ఈ రెంటినీ పక్కనపెట్టి భారమంతా దేవుడి మీద వేశారు. ఆ నియమాన్ని చివరిదాకా లాగి, పొద్దు వాలుతుండగా పోరాటం పెట్టుంటే ఐదో స్థానంలో ఉండేది. పదో స్థానం ఖాళీగానే ఉంచుతున్నాను, నింపడానికి నింపడం ఇష్టం లేక.

మళ్లీ జాబితా వేసేటప్పుడు వసూళ్ల పక్కన టికెట్ల లెక్క కూడా వేయండి. ఏ ప్రమాణంతో వరసపెట్టారో రెండు వాక్యాలు రాయండి. తెలుగు డబ్బింగ్ దొరికే సినిమాలకు ఆ విషయం గుర్తుపెట్టండి, ఊళ్లలో పిల్లలు చూసేది అందులోనే.

భవదీయుడు,
ఒక యానిమేషన్ అధ్యాపకుడు,
హైదరాబాద్