చేర్చుకున్నారు సరే, పూర్తి చేయనివ్వండి

తెలంగాణ రాష్ట్ర ఉన్నత విద్యా మండలి అధ్యక్షులు గారికి నమస్కారాలు.

పని చేసుకుంటూ దూరవిద్యలో డిగ్రీ చదువుతున్నవాళ్లలో నేనొకడిని. మాలాంటివాళ్లకు ప్రవేశం దొరకడం ఇప్పుడు కష్టం కాదు. ఏడాదికి రెండుసార్లు, జనవరిలోనూ జూలైలోనూ, దూరవిద్య కోర్సులు మొదలుపెట్టుకోవచ్చని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) వీలు కల్పించింది. వయసు అడ్డం కాదు. ఫీజు కూడా మిగతా చదువులతో పోలిస్తే తక్కువే. అయినా చేరినవాళ్లలో ఎందరో మధ్యలోనే ఆగిపోవడం మా కళ్ల ముందే జరుగుతోంది. వాళ్లను ఆపుతున్నది పాఠాల కష్టం కాదు, పరీక్షల తేదీలు. ఈ ఒక్క సంగతి మీ దృష్టికి తేవడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

వరంగల్ ఏనుమాముల మార్కెట్లో ఒక అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణంలో గుమాస్తాగా పనిచేస్తున్నాను. ఫిబ్రవరి వస్తే మా యార్డు ఎక్కడ చూసినా ఎర్రగా ఉంటుంది. ఖమ్మం వైపు నుంచి, ములుగు, భూపాలపల్లి నుంచి మిర్చి బస్తాలు తెల్లవారకముందే దిగుతాయి. తూకం వేసే దడవాయిలు కాంటాలు వేస్తుంటే తక్‌పట్టీలు, అంటే రైతు సరుకు లెక్క చీటీలు, రాయాలి. హమాలీ, కాంటా ఖర్చులు తీసేసి రైతుకు చేరాల్సిన మొత్తం తేల్చాలి. ఆ తర్వాత అదంతా కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఆ రోజుల్లో గుమాస్తా ఒక్క పూట రాకపోయినా అక్కడ రైతు చెట్టు కింద ఎదురుచూస్తూ కూర్చుంటాడు. అందుకే సీజనులో సెలవు అడగడానికి నోరు రాదు. యజమాని కఠినుడు కావడం వల్ల కాదు, పని స్వభావమే అలాంటిది.

ఇంటర్ తర్వాత ఇంటి అవసరాలు నన్ను దుకాణానికి పంపాయి. లెక్కలు రాయడం అక్కడే నేర్చుకున్నాను. పద్దులన్నీ నా చేతి మీదుగానే నడుస్తాయి. కానీ అకౌంటెంట్ ఉద్యోగానికి ఎక్కడ దరఖాస్తు పెట్టుకున్నా మొదటి ప్రశ్న బీకాం ఉందా అనే. అందుకే దూరవిద్యలో చేరాను.

మొన్నటి సీజనులో మా సెమిస్టరు పరీక్షలు సరిగ్గా మిర్చి ముమ్మరంగా వచ్చే వారాల్లో పడ్డాయి. కాలపట్టిక చేతికి అందేసరికి పరీక్షలు ముంగిట్లోకి వచ్చేశాయి. పేపర్లు వరుస రోజుల్లో లేవు. ఒకటి సోమవారం, ఇంకొకటి గురువారం, తర్వాతది పై వారం, ఇలా అన్నీ పనిరోజుల్లోనే. పగటిపూట కళాశాలకు వెళ్లే విద్యార్థికి మధ్యలో వచ్చే ఆ ఖాళీ రోజులు చదువుకోవడానికి పనికొస్తాయి. మాకు అవి రెండు వారాల పాటు ఇటు పనికీ అటు పరీక్షకూ పూర్తిగా చెందకుండా పోయే రోజులు. రెండు పేపర్లు రాశాను, మిగతావి వదులుకున్నాను. వదిలిన పేపర్లు మళ్లీ రాయాలంటే అదే సెమిస్టరు పరీక్షలు తిరిగి వచ్చేదాకా ఆగాలి. అవి తిరిగి వచ్చేది కూడా మళ్లీ మిర్చి సీజనులోనే. నేను చదివే విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక సంస్థను వేలెత్తి చూపడానికి ఈ ఉత్తరం రాయలేదు. పగటి కళాశాలల పరీక్షల తీరునే దూరవిద్యకూ అతికించడం చాలా చోట్ల ఉన్న అలవాటు.

ఆదివారం తరగతుల్లో నా పక్కన కూర్చునేవాళ్ల సంగతీ ఇంతే. భూపాలపల్లి గనుల్లో పనిచేసే ఒక అన్నకు షిఫ్టు వారం వారం మారుతుంది. రాత్రి షిఫ్టు దిగి నేరుగా బస్సెక్కి హనుమకొండకు వచ్చి మూడు గంటల పేపరు రాస్తాడు. ఆ రోజు మళ్లీ షిఫ్టుకు వెళ్లలేకపోతే మస్టరు పోతుంది. సిరిసిల్ల నుంచి వచ్చే ఒక తమ్ముడు సాంచాల (మరమగ్గాల) మీద పనిచేస్తాడు. సాంచా నడిచిన రోజే అతనికి కూలి. పరకాల దగ్గరి ఒక అక్క అంగన్‌వాడీ టీచర్. పై ఉద్యోగానికి పోటీ పడాలంటే డిగ్రీ ఉండాలని ఆమె చదువుతోంది. ఒక ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో పనిచేసే అమ్మాయి పరీక్షకు సెలవు అడిగితే, ఉద్యోగం కావాలో పరీక్ష కావాలో తేల్చుకోమన్నారట. ఆమె ఆ సెమిస్టరులో కనిపించలేదు, ఆ తర్వాతా కనిపించలేదు. వీళ్లలో ఎవరూ చదవలేక వెనకబడినవాళ్లు కారు.

అయ్యా, ఈ లెక్క ఒకసారి చూడండి. దూరవిద్యలో ఒక క్రెడిట్ అంటే ముప్పై గంటల చదువు. మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు కావాలని, డిగ్రీలకు క్రెడిట్లు నిర్ణయించే జాతీయ చట్రం చెబుతోంది. అంటే 3,600 గంటలు. మూడేళ్లకు పంచితే పండగ, పబ్బం, జ్వరం ఏదీ లేకుండా రోజుకు మూడు గంటల పైచిలుకు. ఎనిమిది, పది గంటలు నిలబడి పనిచేసి, ఇంటికొచ్చి పిల్లల్ని చూసుకునే మనిషికి అది సాధ్యం కాదు. అదే చదువును ఆరేళ్లకు సాగదీస్తే రోజుకు దాదాపు గంటా నలభై నిమిషాలు. ఇది చేయగలం, చేస్తున్నవాళ్లను చూస్తున్నాను కూడా. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో)లో మూడేళ్ల బీఏను ఆరేళ్ల దాకా పూర్తి చేసుకునే వెసులుబాటు ఉన్నది ఇందుకే. నెమ్మదిగా చదవడం మా హక్కు అని మీరు ఒప్పుకుంటే, నెమ్మదిగా పరీక్షలు రాయడం కూడా మా హక్కు కావాలి. ఈ సెమిస్టరులో రెండు పేపర్లు, వచ్చేసారి మూడు అని ఎంచుకునే వీలుండాలి. ఇగ్నోలో ఏటా జూన్‌లోనూ డిసెంబరులోనూ పరీక్షలు జరుగుతాయి. సిద్ధపడిన పేపర్లకే ఫారం నింపుకోవచ్చు, తప్పిన పేపరును తర్వాతి విడతలోనే రాసుకోవచ్చు. జాతీయ సార్వత్రిక పాఠశాల విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్) ఇంకో అడుగు ముందుకు వేసి, పదో తరగతికీ ఇంటర్‌కూ అభ్యర్థి కోరుకున్న తేదీన పరీక్ష పెట్టే పద్ధతి తెచ్చింది. పదో తరగతి పిల్లవాడికి కుదిరింది పనిచేసే పెద్దవాళ్లకు ఎందుకు కుదరదో నాకు అర్థం కావడం లేదు.

మేము కోరేది ఇదే. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలు నడిపే దూరవిద్య కోర్సులన్నిటికీ పరీక్షల తేదీలు విద్యా సంవత్సరం మొదట్లోనే ప్రకటించాలి. ప్రకటించాక మార్చకూడదు. థియరీ పేపర్లను శని, ఆదివారాల్లో పెట్టాలి. ప్రతి విడతలోనూ అన్ని సెమిస్టర్ల పేపర్లూ ఉండాలి, ఒక విడత తప్పితే ఏడాది ఆగే అవసరం రాకూడదు. పరీక్షా కేంద్రం కూడా మేము పనిచేసే ఊరికి దగ్గర్లో, కనీసం రెవెన్యూ డివిజన్‌కు ఒకటైనా ఉండాలి. ఏటూరునాగారంలో పనిచేసేవాళ్లు పేపరు పేపరుకూ హనుమకొండ దాకా రావడమంటే ఒక్కో పేపరుకు ఒక పనిరోజు పోయినట్లే. ఆదివారాల్లో అధ్యాపకులకు, సిబ్బందికి ఇబ్బంది అవుతుందని నాకు తెలుసు. ఆ రోజు పనికి వాళ్లకు తగిన భత్యం ఇవ్వడం న్యాయం. ఆ ఖర్చుకు పరీక్ష ఫీజు కొద్దిగా పెంచినా మాలో చాలామంది కడతారు. పోయే కూలి దానికంటే ఎక్కువ.

కార్మిక శాఖతోనూ మీరు ఒక మాట మాట్లాడాలి. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారమే మాలాంటివాళ్లకు సెలవులు లెక్క కడతారు. అందులో జబ్బు చేస్తే సెలవు ఉంది, పరీక్షకంటూ వేరే సెలవు లేదు. హాల్ టికెట్ చూపించినవాళ్లకు పరీక్ష రోజున సెలవు ఇవ్వాలని ఒక ఉత్తర్వు వస్తే, ఆసుపత్రి కౌంటర్లోని ఆ అమ్మాయికి ఆ ప్రశ్న ఎదురయ్యేది కాదు. జీతంతో ఇస్తే మంచిది. జీతం లేకుండా ఇచ్చినా సరే, ఉద్యోగం మాత్రం పోకూడదు.

ఇవి అడిగే హక్కు మన రాష్ట్రంవాళ్లకు ఇంకాస్త ఎక్కువే ఉందని నా నమ్మకం. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది మన గడ్డ మీదే, 1982లో. నేడది అంబేద్కర్ పేరుతో నడుస్తోంది. దానికి తొలి ఉపకులపతి ఆచార్య జి.రాంరెడ్డి కరీంనగర్ జిల్లా బిడ్డ. తర్వాత ఇగ్నోకు కూడా తొలి ఉపకులపతి ఆయనే. ఇంటర్ చదవనివాళ్లు సైతం అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారిని ఆ విశ్వవిద్యాలయం ఆ రోజుల్లోనే తెరిచింది. పొలం పనుల్లో, దుకాణాల్లో, ఇళ్లలో ఉన్నవాళ్ల దగ్గరికే పాఠాలు ఆకాశవాణి ద్వారా వెళ్లాయి. నలభై ఏళ్ల కిందట, సెల్‌ఫోన్లు కూడా లేని రోజుల్లో అంత దూరం ఆలోచించినవాళ్ల వారసులం మనం. ఇప్పుడు రాష్ట్రానికి పాఠాలు ప్రసారం చేసే టీ-శాట్ ఉంది, కేంద్రం నడిపే ఆన్‌లైన్ కోర్సుల స్వయం పోర్టల్ ఉంది, పాఠం ఎప్పుడంటే అప్పుడు ఫోనులో వినొచ్చు. పాఠం మా వేళకు వస్తోంది, పరీక్ష మాత్రం ఇంకా రావడం లేదు.

మరో రెండు విషయాలు క్లుప్తంగా చెబుతాను. ఒకటి, పాత చదువు సంగతి. విద్యార్థి సంపాదించిన క్రెడిట్లను దాచుకునే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (ఏబీసీ) 2021లో వచ్చింది. అందులో వేసుకున్న క్రెడిట్లు గరిష్ఠంగా ఏడేళ్లు చెల్లుతాయి. అంతకుముందే రెండేళ్లు డిగ్రీ చదివి, పెళ్లి వల్లనో అప్పుల వల్లనో మానేసినవాళ్లు మన జిల్లాల్లో ఎంతమందో ఉన్నారు. వాళ్లు పాసైన పేపర్లకు విలువ కట్టి, మిగిలిన చదువే పూర్తి చేయించే పద్ధతిని రాష్ట్ర స్థాయిలో తీసుకురండి. ముప్పై అయిదేళ్ల మనిషిని మళ్లీ మొదటి సెమిస్టరు తెలుగు పేపరు రాయమనడం సరికాదు.

రెండోది, మోసాలు. హనుమకొండ చౌరస్తాలో, కాజీపేట స్టేషన్ రోడ్డులో గోడల మీద 'ఒకే సిట్టింగ్‌లో డిగ్రీ' అనే కాగితాలు కనిపిస్తాయి. అలాంటి కాగితాన్ని నమ్మి కూడబెట్టిన డబ్బు పోగొట్టుకునేది మాలాంటివాళ్లే, ఎందుకంటే మాకు సమయం లేదని ఆ మోసగాళ్లకు బాగా తెలుసు. ఏ విశ్వవిద్యాలయానికి ఏ కోర్సు దూరవిద్యలో నడపడానికి అనుమతి ఉందో యూజీసీ దూరవిద్యా బ్యూరో జాబితా పెడుతుంది. ఆ జాబితాను తెలుగులో ప్రతి మండల కార్యాలయంలో, బస్టాండులో అతికించండి. చేరడానికి ముందు ఆ బ్యూరో ఇచ్చే డెబ్ ఐడీ, పైన చెప్పిన క్రెడిట్ల బ్యాంకు ఏబీసీ ఐడీ తీసుకోవాలనే నిబంధన కూడా ఇప్పుడు ఉంది. ఆధార్‌కు కలిపిన ఫోన్ నంబరు మారిపోయినవాళ్లకు అది పెద్ద తలనొప్పి. మీసేవ కేంద్రాల్లో దానికి సాయం అందేలా చూడండి.

2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం వచ్చాక, ములుగు, నర్సంపేట నుంచి ఆదివారం తరగతులకు వచ్చే ఆడవాళ్లకు బస్సు ఖర్చు తప్పింది. చదువు కోసం పెట్టిన పథకం కాకపోయినా చదువుకు పనికొచ్చింది. ఇక దూరవిద్య విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. రోజూ తరగతికి వెళ్లేవాళ్ల హాజరుతో మమ్మల్ని కొలిస్తే మేము ఎప్పటికీ అర్హులం కాము. హాజరుకు బదులు పాసైన క్రెడిట్లను కొలమానంగా తీసుకుంటే, కనీసం ఎస్సీ, ఎస్టీ, బీసీ కార్మికులకు ఆ మొత్తం తిరిగి ఇవ్వవచ్చు. ఇది ఆర్థిక శాఖతో మాట్లాడాల్సిన విషయం కాబట్టి సమయం పడుతుందని తెలుసు. పరీక్షల తేదీలకు మాత్రం ఏ బడ్జెట్టూ అక్కర్లేదు. మీరు విశ్వవిద్యాలయాల పరీక్షల నియంత్రణాధికారులను ఒకసారి కూర్చోబెడితే చాలు. ఆ సమావేశానికి పనిచేస్తూ చదివేవాళ్లను కూడా ఇద్దరు ముగ్గురిని పిలవండి. పనిరోజున పెట్టినా మేము వస్తాం, ఆ ఒక్క రోజుకు సెలవు ఎలాగోలా సంపాదించుకుంటాం.

వచ్చే విద్యా సంవత్సరం పరీక్షల తేదీలు జూలైలోపు ప్రకటిస్తారని ఆశిస్తున్నాను.

ఇట్లు,
ఏనుమాముల మార్కెట్ గుమాస్తా, దూరవిద్య బీకాం విద్యార్థి,
వరంగల్