కార్యదర్శి నివేదిక: పట్టిన చేపను ఈ ఏడాది మనం ఏం చేశాం

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, సభ్య మిత్రులందరికీ నమస్కారం.

మన గాలం సంఘం ఈ ఏడాది చేసిన పనుల నివేదికను సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్నాను. సంఘం ఎందుకు పెట్టుకున్నామో అందరికీ తెలిసిందే కనుక ఆ సంగతులు మళ్లీ ఎత్తడం లేదు. కార్యవర్గ సమావేశాల్లో రెండు కోరం లేక వాయిదా పడ్డాయి, మిగతావి జరిగాయి.

ముందుగా పెద్ద చెరువు మత్స్య సహకార సంఘం అన్నలకు కృతజ్ఞతలు. చెరువు మీద హక్కు వాళ్లది, పిల్లలు పోసి పెంచేది వాళ్లు. మనకు ఆదివారం పూట సరదా, వాళ్లకు అదే కూడు. అయినా ఈ ఏడాది కూడా తూము పక్కన గాలం వేసుకోవడానికి ఒప్పుకున్నారు. తీసుకెళ్లిన ప్రతి చేపకూ తూకం వేసి డబ్బు కట్టాలన్న షరతును మనవాళ్లు చాలావరకు నిలబెట్టారు. నిలబెట్టని ఇద్దరితో నేను విడిగా మాట్లాడాను.

ఇక కట్ట కింది కుంట. ఈ ఏడాది మన సంఘం గర్వంగా చెప్పుకోగల పని అదొక్కటే. దాని గురించి కాస్త వివరంగా రాస్తాను.

మే రెండో వారానికి కుంట అడుగంటింది. మధ్యలో మోకాలి లోతు బురద నీళ్లు, వాటి మీద కొంగలు. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయని పశువుల కాపరి ఒకాయన ఫోన్ చేశాడు. వాటిని పెద్ద చెరువుకు తరలిద్దామని ఆ రాత్రే అనుకున్నాం. ఒక ట్యాంకరు, ఆక్సిజన్ సిలిండరు ఇప్పించమని సంబంధిత కార్యాలయానికి మూడుసార్లు అర్జీ పెట్టాం. సారు క్యాంపులో ఉన్నారన్నారు, ఫైలు పైకి పంపామన్నారు. ఆ ఫైలు సంగతి ఈ రోజుకీ తెలియదు. కుంట మాత్రం ఫైలు కోసం ఆగదు కదా. వాట్సాప్ గ్రూపులో వస్తామన్నవాళ్లు ముప్పై నాలుగు మంది. తెల్లవారుజామున నాలుగున్నరకు కుంట దగ్గర నిలబడింది పదకొండు మంది. మిగతావాళ్లకు ఏ ఇబ్బంది వచ్చిందో నాకు తెలియదు, కానీ మనసుకు కష్టమైంది. ఆ పదకొండు మందికి, ట్రాలీ ఆటో తెచ్చిన తమ్ముడికి, గోనెసంచులు ఇచ్చిన రైస్ మిల్లు వారికి, ఉప్మా పంపిన ఆడపడుచులకు పేరుపేరునా ధన్యవాదాలు.

సహకార సంఘం పెద్దాయన ఒకరు బురదలోకి దిగి, కళ్లు మూసుకుని, అరికాళ్లతో మెల్లగా నొక్కుకుంటూ నడిచారు. "ఇదిగో, కాలి కింద మెదిలింది" అని వంగి రెండు చేతులూ బురదలోకి దించి, మోచేయంత కొర్రమీనును తలా నడుమూ పట్టి పైకి తీశారు. కొర్రమీను గాలి పీల్చగలదు. తడి ఉంటే చాలు, నీళ్లు లేకపోయినా గంటలు బతుకుతుంది. ఎగిరి దూకుతుంది కాబట్టి డ్రమ్ము మీద వల కట్టాం. బొచ్చె, రవ్వ చేపల సంగతి అలా కాదు. వాటికి మొప్పలే ఆధారం. అందుకే వాటిని ముందు తీసి, కుంట నీళ్లే పోసిన డ్రమ్ముల్లో పలచగా వేసి, తడి గోనెలు కప్పి పంపాం. చెరువు దగ్గర ఒక్కసారిగా గుమ్మరించకుండా, ముందు చెరువు నీళ్లు కొంచెం కొంచెంగా డ్రమ్ములో కలిపి, తర్వాతే వదిలాం.

వాదన మొదలైంది అక్కడే. పట్టినవన్నీ వదిలేయాలని, మూగజీవాలను కాపాడామన్న పుణ్యమైనా దక్కుతుందని కొందరు అన్నారు. ఎండిపోయే కుంటలో చేప ఎలాగూ చచ్చేదే కాబట్టి తలా రెండు పట్టుకెళ్దామని కొందరు సంచులు కూడా తెచ్చారు. రెండు మాటలూ నాకు సరి అనిపించలేదు, అప్పుడే చెప్పాను.

బతికే చేపను వదిలాం. మొప్పలు తెల్లబారి, పక్కకు ఒరిగిపోయిన రవ్వలు కొన్ని మిగిలాయి. వాటిని చెరువులో వేస్తే రెండు నిమిషాలు తోక కొట్టి అడుక్కు పోతాయి, మర్నాడు ఉబ్బి తేలతాయి. అలా వదలడం చేపకు చేసే మేలు కాదు, మన మనసును సముదాయించుకోవడం. వాటిని అక్కడే చంపి, సహకార సంఘం వాళ్ల ఇళ్లకు కూరకు పంపాం.

ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌లు దొరికాయి, జిలేబి చేపలు (తిలాపియా) దొరికాయి, రెండూ బయటి దేశాల రకాలే. వాటిలో ఒక్కదాన్నీ వదల్లేదు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకాన్ని కేంద్ర ప్రభుత్వం 2000లోనే నిషేధించింది. అది మన మార్పు చేపలను, జెల్ల చేపలను, కొర్రమీను పిల్లలను మింగుతూ కిలోలకు కిలోలు పెరుగుతుంది. దయ పేరుతో ఒక్కటి వదిలినా చెరువులో ఉన్న మిగతా చేపల మీదికి దాన్ని ఉసిగొల్పినట్టే. ఆ రోజు నాతో వాదించిన తమ్ముడు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. అతని మనసు మంచిదే, అది నాకు తెలుసు.

వదలడం గురించి నేను ఇంత గట్టిగా మాట్లాడటానికి ఒక కారణం ఉంది. నిరుడు దసరా సెలవుల్లో తూము దగ్గర మూడు కిలోల రవ్వ నా గాలానికి పడింది. వదిలేద్దామనే పట్టాను. పొడి చేతులతో ఎత్తుకుని, ఎండలో నిలబడి, నలుగురి ఫోన్లలో ఫొటోలు దిగాను. నాలుగైదు నిమిషాలు అయి ఉంటుంది. వదిలితే ఈదుకుంటూ పోయింది, చప్పట్లు కొట్టారు. మర్నాడు పొద్దున అదే చేప తూము జాలీకి ఆనుకుని తేలింది. దవడ పక్కన నా కొక్కెం చీరిన గాటు చూసి గుర్తుపట్టాను. ఒంటి మీద నా వేళ్లు పట్టిన చోట జిగురు పోయి పొలుసు తెల్లగా కనిపించింది. వండుకున్నా నలుగురు తినేవాళ్లు. అది అటూ కాలేదు, ఇటూ కాలేదు.

జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మన సభ్యుడి అబ్బాయి సంక్రాంతికి వచ్చినప్పుడు చెప్పిన సంగతి ఇక్కడ రాయాలి. అక్కడ గాలం వేయాలంటే పరీక్ష పాసై లైసెన్సు తీసుకోవాలట. చేపను ముందు తల మీద కొట్టి స్పృహ తప్పించి, ఆ తర్వాతే కోయాలని నేర్పుతారట. వదిలేయడానికే సరదాగా పట్టడం అక్కడి జంతు సంరక్షణ చట్టం ప్రకారం తప్పు. స్విట్జర్లాండ్‌లో కూడా 2009 నుంచి అదే నిబంధన. ఇంగ్లండ్ చెరువుల దగ్గరేమో పట్టిన చేపను ఇంటికి తీసుకెళ్తే తోటివాళ్లే తప్పుగా చూస్తారు. చేపకు నొప్పి తెలుస్తుందా అని 2003లో లిన్ స్నెడన్ అనే శాస్త్రవేత్త బ్రిటన్‌లో ట్రౌట్ చేపల పెదవుల్లోకి తేనెటీగ విషం, ఆమ్లం ఎక్కించి చూస్తే, అవి పెదవులను గులకరాళ్లకు రుద్దుకున్నాయి, గంటల తరబడి మేత ముట్టలేదు. అది మనం అనుకునే నొప్పి కాదనే శాస్త్రవేత్తలూ ఉన్నారు. వాళ్ల వాదన తేలేదాకా మనం ఆగక్కర్లేదు. నొప్పి ఉందనే అనుకుని నడుచుకుంటే మనకు పోయేదేమీ లేదు.

అందుకే తినే చేపను బకెట్లో కొట్టుకోనివ్వకండి. తాడుకు గుచ్చి నీళ్లలో వేలాడదీయకండి. ఒడ్డుకు రాగానే కళ్ల వెనక, తల మీద కర్రతో ఒక్క దెబ్బ వేసి, మొప్పలు కోసి, ఐసులో పెట్టండి. నెత్తురు కారిపోతే కూర కూడా రుచిగా ఉంటుంది. కొర్రమీను ఎంతకీ చావదు కాబట్టి బతికుండగానే బూడిద పోసి బండకేసి రుద్దడం మన ఇళ్లలో, మార్కెట్లో చూస్తూనే ఉన్నాం. చిన్నప్పుడు మా ఇంటి పెరట్లోనూ అదే. జిగురు వదలాలంటే చంపాక రుద్దినా వదులుతుంది. ఈ ఒక్క అలవాటు మన సభ్యుల ఇళ్లలోనైనా పోవాలి.

మృగశిర కార్తె నాడు, అంటే జూన్ 8 ప్రాంతంలో, చేప తినడం మన ఆనవాయితీ. దానికి నేను అడ్డు చెప్పను, మా ఇంట్లోనూ ఆ రోజు పులుసు ఉండాల్సిందే. ఆ తర్వాత తొలకరి నీళ్లు చేరాక కొర్రమీను జతకడుతుంది. గడ్డి మధ్య తేలే గుడ్లకు, ఆ తర్వాత ఎర్రగా గుంపుగా పైకి వచ్చి గాలి పీల్చుకునే పిల్లలకు తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఆ ఎర్ర గుంపును చూసి దాని పక్కనే కప్ప ఎర వేస్తే పెద్ద చేప ఆకలితో కాదు, పిల్లల కోసం మీద పడుతుంది. తేలిగ్గా దొరుకుతుంది, అందుకే మనవాళ్లు వేస్తారు. దాన్ని తీసేస్తే ఆ గుంపు సాయంత్రానికి జెల్లల పాలు, కొంగల పాలు. కొర్రమీను మన రాష్ట్ర చేప అని బోర్డు రాయించుకున్న సంఘం చేయాల్సిన పని కాదిది. పట్టి వెంటనే వదిలేస్తాం అన్నా నేను ఒప్పుకోను. మనం కొక్కెం తీసే ఆ కాసేపట్లోనే పిల్లలు పోతాయి.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు విడిగా పంచారు. ఖర్చులో ఎక్కువ భాగం ఆటో అద్దెకు, డ్రమ్ములకు పోయింది. చందా బాకీ ఉన్నవాళ్లు ఈ రోజే కట్టేస్తే రసీదు ఇస్తారు.

సభ ముందు రెండు ప్రతిపాదనలు పెడుతున్నాను. పిల్లల గుంపు కనిపించిన చోట ఏ సభ్యుడూ గాలం వేయకూడదు. సంఘం తరఫున వాడే ప్రతి కొక్కేనికీ వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును నొక్కేయాలి, అప్పుడు వదిలే చేపకు దవడ చీరకుండా కొక్కెం క్షణంలో వచ్చేస్తుంది. హాలు గుమ్మం దగ్గర బల్ల మీద రెండు కటింగ్ ప్లేయర్లు పెట్టించాను. గాలాలు వెంట తెచ్చుకున్నవాళ్లు భోజనాలకు లేచేలోపు ఆ పని కానివ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి