చర్మం మీది పుండుకు లాలాజల పరీక్ష

సంపాదకులకు,

లీష్మానియా అనే పరాన్నజీవి వల్ల చర్మం మీద పుండ్లు లేచే వ్యాధిని లాలాజలంతో గుర్తించాలన్న ప్రయత్నాన్ని, స్లైడ్లు చూడటమే వృత్తిగా గల నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. అయితే లాలాజలంలో పరాన్నజీవి కనిపించనంత మాత్రాన వ్యాధి లేదని తేల్చేసే పద్ధతి మాత్రం రాకూడదు.

ఆడ ఇసుక ఈగ కాటుతో వ్యాపించే ఈ వ్యాధి ఏటా 6 లక్షల నుంచి 10 లక్షల మందికి కొత్తగా సోకుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. నేటికీ నిర్ధారణకు పుండు అంచును బ్లేడుతో గీకి, వచ్చినదాన్ని స్లైడు మీద పూసి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూడాలి. లేదంటే చిన్న ముక్క కోసి తీయాలి. పుండ్లు ఎక్కువగా ముఖం, చేతులు, కాళ్ల మీదే లేస్తాయి కనుక, కనురెప్ప పక్కన పుండు ఉన్న పసిబిడ్డను కదలకుండా పట్టుకుని గీకడం బిడ్డకే కాదు, గీకే చేతికీ కష్టమే. పైగా పుండు పాతబడేకొద్దీ పరాన్నజీవులు తగ్గిపోతాయి గనుక, అంత బాధపెట్టి తీసిన నమూనాలోనూ అవి కనిపించకపోవచ్చు. రక్తపరీక్షతో సరిపెట్టుకుందామంటే, ఈ వ్యాధిలో యాంటీబాడీలు తక్కువగా ఉండటం వల్ల అదీ పెద్దగా అక్కరకు రాదు.

లాలాజలం మీద ఆశ పుట్టింది ఇందుకే. కానీ దీన్ని హెచ్‌ఐవీకి నోటి ద్రవంతో చేసే పరీక్షతో పోల్చలేం; అది యాంటీబాడీలను పట్టుకుంటుంది. ఇక్కడ పట్టుకోవాల్సింది పరాన్నజీవి డీఎన్‌ఏను. ఆ జీవి ఉండేది పుండు దగ్గరి మాక్రోఫేజ్ అనే రక్షణ కణాల్లో. అక్కడి నుంచి నోటిదాకా చేరేది ఏ కాస్తో ఉంటే, ఆ కాస్తనూ లాలాజలంలోని ఎంజైములు విచ్ఛిన్నం చేయగలవు. ముక్కు, నోటి లోపలి పొరలకు పాకగల లీష్మానియా బ్రెజిలియెన్సిస్ వంటి జాతుల్లో ఫలితం మెరుగ్గా ఉండవచ్చు. చర్మాన్ని దాటడం అరుదైన లీష్మానియా మేజర్ విషయంలో అంత నమ్మకం పెట్టుకోలేం.

కాబట్టి ఒకే రోగి నుంచి ఒకే రోజున గీకిన నమూనానూ, లాలాజలాన్నీ, పుండు మీద అంటించి ఒలిచిన టేపునూ సేకరించి, మూడింటినీ డీఎన్‌ఏ జాడను పట్టే పీసీఆర్ పరీక్షతో పోల్చే అధ్యయనాలకు నిధులివ్వాలి. టేపును చేర్చమనడానికి కారణముంది: అదీ నొప్పి లేనిదే, పైగా పరాన్నజీవి ఉన్న చోటినుంచే నమూనా తెస్తుంది. ఫలితాలను పిల్లలకు, పాత పుండ్లకు, ఒక్కో జాతికి విడివిడిగా ప్రకటించాలి. అవి వచ్చేవరకు, లాలాజలంలో ఏమీ దొరకని రోగికి పుండు పరీక్ష కూడా చేశాకే ఇంటికి పంపాలని వైద్యులను వేడుకుంటున్నాను.

— ఒక పాఠకురాలు