విచారణ దైవపిలుపుల సహాయ సంఘం: 2025–26 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ వందనాలు.

మన విచారణ (పారిష్) నుంచి దైవపిలుపుతో, అంటే ఫాదర్ కావాలన్న కోరికతో, ముందుకొచ్చే పిల్లల కోసం 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు సంఘం చేసిన పనిని మీ ముందు పెడుతున్నాం. సెమినరీకి (ఫాదర్లను తయారుచేసే గురువిద్యాలయానికి) ఎంతమందిని పంపామన్న లెక్కతో మన పనిని కొలవకూడదని కార్యవర్గం అభిప్రాయం. అందుకే ఏడాది పొడవునా రెండు విషయాల మీదే దృష్టి పెట్టాం. వెళ్లే పిల్లవాడి కాగితాలు సరిగా ఉన్నాయా? మధ్యలో తిరిగొచ్చినా అతని చేతిలో బయట చెల్లే చదువు ఉంటుందా? ఈ నివేదికలో ఎక్కువ భాగం వీటి గురించే.

మే 11న దైవపిలుపుల ఆదివారంతో పని మొదలైంది. పాస్కా (ఈస్టర్) కాలపు నాలుగో ఆదివారాన్ని 1964 నుంచి ప్రపంచమంతటా దైవపిలుపుల ప్రార్థన దినంగా పాటిస్తున్నారు. ఇది 62వది. సరిగ్గా మూడు రోజుల ముందు 14వ లియో పోపుగారు ఎన్నికవడంతో ఆ రోజు గుడికి జనం బాగా వచ్చారు, ప్రశ్నలూ బాగానే వచ్చాయి. అందరూ తిప్పి తిప్పి అడిగింది ఒకటే: "పిల్లగాడు పది పాసయ్యాడు, పంపిస్తే ఎన్నేళ్లకు ఫాదర్ అవుతాడు?"

పది తర్వాత చేరినవాళ్లు మైనర్ సెమినరీలో ఉంటూ జూనియర్ కాలేజీలో రెండేళ్లు ఇంటర్ చదువుతారు. ఇంటర్ తర్వాతో, డిగ్రీ తర్వాతో నేరుగా చేరేవాళ్లూ ఉన్నారు. ఆపైన సన్నాహక దశ వస్తుంది. 2016 డిసెంబర్ 8న వాటికన్ వెలువరించిన శిక్షణ నియమావళి ప్రకారం ఇది ఏడాదికి తగ్గకూడదు, రెండేళ్లకు మించకూడదు. తర్వాత తత్వశాస్త్రం కనీసం రెండేళ్లు, దైవశాస్త్రం నాలుగేళ్లు. వీటి మధ్యలో చాలాచోట్ల ఒక ఏడాది ఏదో ఒక విచారణలోనో హాస్టల్‌లోనో పని చేయిస్తారు. డీకన్ పట్టానికి (ఫాదర్ కావడానికి ముందు మెట్టు) 23 ఏళ్లు, గురుపట్టానికి (ఫాదర్ అయ్యే పట్టానికి) 25 ఏళ్లు నిండాలి. ఆ రెండింటి నడుమ కనీసం ఆరు నెలలు ఉండాలి. అంటే పది పాసైన పిల్లవాడికి ముందున్నది పదేళ్ల దారి. మధ్యలో ఎక్కడైనా ఆగే హక్కు అతనికీ ఉంది, ఆపే హక్కు సెమినరీకీ ఉంది. ఇది తల్లిదండ్రులకు మొదటి రోజే చెప్పాలి. మన కుటుంబాల్లో చాలామంది అయిదారేళ్లలో అయిపోతుందని అనుకుంటున్నారు.

మేత్రాసనానికి (బిషప్ గారి పాలనలోని ప్రాంతానికి) వెళ్లాలా, సభకు (వ్రతాలు తీసుకునే సన్యాస సభకు) వెళ్లాలా అన్నది రెండో ప్రశ్న. 1976లో ఏర్పడిన మన నల్లగొండ మేత్రాసనంలాంటి దాంట్లో చేరితే సాధారణంగా జీవితాంతం ఈ ప్రాంతపు విచారణల్లోనే సేవ. తెలుగు మేత్రాసనాల విద్యార్థులు పెద్ద చదువుకు రామంతాపూర్‌లోని సెయింట్ జాన్స్ ప్రాంతీయ గురువిద్యాలయం వంటి చోట్లకు వెళ్తారు. సభల్లో చేరితే పేదరికం, విధేయత, బ్రహ్మచర్యం అనే మూడు వ్రతాలు ఉంటాయి. వ్రతాలకు ముందు కనీసం పన్నెండు నెలల నవశిష్య కాలం (సభలో తొలి శిక్షణ) తప్పదు. ఏ రాష్ట్రానికి పంపినా వెళ్లాలి. కొన్ని ఇళ్లలో రెండుచోట్లా దరఖాస్తు పెట్టి, ఏది ముందు పిలిస్తే దానికి పంపుతున్నారు. అలా చేయొద్దు. ఒక సెమినరీ నుంచి బయటికి పంపిన విద్యార్థిని ఇంకో సెమినరీ తీసుకోవాలంటే, మొదటి చోటి పెద్దల నుంచి, ముఖ్యంగా ఎందుకు పంపేశారన్న కారణంతో, లిఖితపూర్వక వివరణ తెప్పించాలని శ్రీసభ (కతోలిక సభ) చట్టం 241వ సూత్రం చెబుతోంది. దాచినా ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. అప్పుడు అసలు కారణం కంటే దాచడమే పెద్ద తప్పవుతుంది.

కాగితాలు

ఏడాది మొత్తంలో ఎక్కువ సమయం తిన్నది ఈ పనే. దరఖాస్తుకు కావలసినవి: జ్ఞానస్నాన (బాప్తిస్మ) పత్రం, భద్రమైన అభ్యంగన (కన్ఫర్మేషన్) పత్రం, తల్లిదండ్రుల గుడి వివాహ పత్రం, విచారణ గురువుల (ఫాదర్ గారి) సిఫారసు లేఖ, పది మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, ఆధార్, మీసేవలో తీసిన కుల, ఆదాయ, నివాస పత్రాలు, డాక్టర్ రిపోర్టు, ఫొటోలు. ప్రతిదీ మూడు సెట్ల జిరాక్స్ తీసి పెట్టుకోండి.

జ్ఞానస్నాన పత్రం కొత్తగా తీసింది కావాలి. చిన్నప్పుడు ఇచ్చింది లామినేషన్ చేయించి దాచుకున్నా పనికిరాదు. దానికి కారణం ఉంది. ఒక మనిషికి జరిగిన అభ్యంగనం, వివాహం, నిత్య వ్రతాలు, పట్టం అన్నీ జ్ఞానస్నానం పొందిన విచారణ రిజిస్టరులో అతని పేరు పక్కనే రాస్తారు. కొత్త పత్రంలో ఆ పక్క రాతలన్నీ వస్తాయి కాబట్టి అతనికి పెళ్లి, వ్రతాల వంటి కట్టుబాట్లేవీ లేవని తెలుస్తుంది. ఆరు నెలల లోపు తీసిన పత్రం అడగడం వాడుక.

పాలమూరు వైపు కుటుంబాలకు ఇక్కడే చిక్కు. తల్లిదండ్రులు మేస్త్రీ పనికి ముంబయి, బెంగళూరు వెళ్లిన రోజుల్లో పిల్లవాడు అక్కడే పుట్టి, అక్కడి గుడిలోనే జ్ఞానస్నానం పొంది ఉంటాడు. పత్రం ఆ గుడే ఇవ్వాలి, మన విచారణ ఇవ్వలేదు. విచారణ గురువుల ద్వారా లేఖ రాయించి, అందులో తల్లిదండ్రుల పేర్లు, జ్ఞాన తల్లిదండ్రుల (గాడ్‌పేరెంట్స్) పేర్లు, సుమారు ఏ సంవత్సరం ఏ పండుగ దగ్గర అన్నది రాయాలి. పండుగ పేరు రాస్తే రిజిస్టరులో వెతకడం తేలిక. జవాబు రావడానికి నెలలు పట్టొచ్చు కాబట్టి మేలో కాదు, దసరాకే మొదలుపెట్టాలి.

మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్, దేవరకొండ ప్రాంతాల్లో మెన్నోనైట్, బాప్టిస్టు అనే ప్రొటెస్టంట్ సంఘాలు పాతవి. ఆ కుటుంబాల నుంచి కతోలిక సభలోకి వచ్చినవారికి మళ్లీ జ్ఞానస్నానం ఇవ్వరు. నీటితో, తండ్రి కుమార పవిత్రాత్మ నామమున ఇచ్చినదైతే అది చెల్లుతుంది. కానీ చిన్న సంఘాల్లో రిజిస్టరు ఉండదు, ఇచ్చిన పాస్టర్ గారు ఉండకపోవచ్చు. అప్పుడు శ్రీసభ చట్టం 876వ సూత్రం ఆదుకుంటుంది: నమ్మదగిన ఒక్క సాక్షి మాట చాలు. పెద్దయ్యాక తీసుకున్నదైతే అతని ప్రమాణమే చాలు. ఆ సాక్ష్యాన్ని విచారణ గురువుల ముందు రాతపూర్వకంగా తీసుకోవాలి. ఇలా వచ్చినవారికి భద్రమైన అభ్యంగనం అయిందో లేదో కూడా చూడండి. అది లేకుండా పట్టానికి వెళ్లే వీలు లేదు. ఇక కొత్తగా జ్ఞానస్నానం పొందిన యువకుల్ని వెంటనే పంపాలని తొందరపడొద్దు. వారు విశ్వాసంలో నిలదొక్కుకున్నారని మేత్రాణులు (బిషప్ గారు) తీర్పు చెప్పేదాకా పట్టానికి అడ్డంకి ఉంటుంది.

తల్లిదండ్రుల పెళ్లి గుడిలో జరగలేదని కొన్ని ఇళ్లలో దరఖాస్తే మానుకుంటున్నారు. 1917 నాటి శ్రీసభ చట్టంలో అక్రమ సంతానమన్నది పట్టానికి అడ్డంకిగా ఉండేది, 1983 చట్టంలో దాన్ని తీసేశారు. పెళ్లిని గుడిలో సరిచేయించుకోవడం మంచిదే, కాకపోతే అది జరగకపోవడం పిల్లవాడి దారికి అడ్డు కాదు.

పేర్ల సంగతి చెప్పక తప్పదు. ఇంట్లో యాదగిరి, బడిలో యాదయ్య, జ్ఞానస్నానంలో జోసెఫ్. పుట్టిన తేదీ మూడుచోట్ల మూడు రకాలు. గుడి రిజిస్టరును దిద్దరు. దిద్దమని ఫాదర్ గారిని ఒత్తిడి చేయొద్దు. రిజిస్టరులో ఉన్నట్టే పత్రం తీసుకుని, రెండు పేర్లూ ఒక్కరివేనని నోటరీ అఫిడవిట్ జతచేస్తే సరిపోతుంది. బయటి చదువులకు పది మెమోయే మూలం. మెమోలో తప్పుంటే ప్రధానోపాధ్యాయుల ద్వారా బోర్డుకు పంపి ఇంటర్‌లో చేరకముందే సరిచేయించాలి. మెమో సరిగా ఉంటే ఆధార్‌ను దాని ప్రకారం మార్చండి. ఆధార్‌లో పుట్టిన తేదీ ఒక్కసారే మార్చనిస్తారు, ఆ ఒక్క అవకాశాన్ని తప్పు కాగితం చూపించి పోగొట్టుకోవద్దు.

కుల పత్రం గురించి మాట్లాడటానికి చాలామంది ఇబ్బంది పడతారు, కానీ మాట్లాడాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారు, వారి సంతానం బీసీ-సీ కిందికి వస్తారు. ఇది అన్యాయమని మన సభ ఎన్నో ఏళ్లుగా అంటోంది, మేమూ అంటాం. అయినా సెమినరీ ఫైలులో జ్ఞానస్నాన పత్రం, దాని పక్కనే ఎస్సీ పత్రం పెట్టుకోవడం రేపు ఉద్యోగమో స్కాలర్‌షిప్పో వచ్చినప్పుడు పిల్లవాడి మెడకే చుట్టుకుంటుంది. దేవరకొండ తండాల లంబాడా కుటుంబాలకు ఈ చిక్కు లేదు. ఎస్టీ హోదా మతంతో ముడిపడింది కాదు.

ఆరోగ్యం, ఇంటర్వ్యూ

రక్త పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, కంటి పరీక్ష ముందే చేయించండి. కళ్లద్దాలు కావాలని తెలియక, బోర్డు కనపడక వెనకబడే పిల్లలున్నారు. మర్రిగూడ, మునుగోడు వైపు పిల్లలకు ఫ్లోరైడ్ వల్ల పళ్ల మీద గార కనిపిస్తే అదేమీ అనర్హత కాదు. కీళ్ల నొప్పులుంటే మాత్రం డాక్టరుకు చెప్పి రిపోర్టులో రాయించండి. రోజూ మోకాళ్ల మీద ప్రార్థన, గంటల తరబడి కూర్చుని చదువు ఉండే చోట దాచితే బాధపడేది పిల్లవాడే.

ఇంటర్వ్యూలో పరలోక జపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం, పది ఆజ్ఞలు, గత ఆదివారం చదివిన సువిశేషం (సువార్త) అడుగుతారు. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాయమంటారు. ఎందుకు రావాలనుకుంటున్నావంటే కంఠస్థం చేసిన జవాబు చెప్పే పిల్లలు అక్కడే దొరికిపోతారు. అందుకే ఈ ఏడాది మాక్ ఇంటర్వ్యూలు మానేశాం. బదులుగా ప్రతివారం ఒక సువిశేష భాగాన్ని సొంత మాటల్లో చెప్పించాం. ఇంటికి వచ్చి చూసే డైరెక్టర్ ఫాదర్ గారికి వలస కుటుంబాలు దొరికేది సంక్రాంతికో క్రిస్మస్‌కో మాత్రమే. ఆ తేదీలు ముందే తెలిపాం.

అక్కడి చదువు

సెమినరీ కాలేజీలు చిన్నవి, తరగతికి కొద్దిమందే ఉంటారు. వెనక బెంచీ అంటూ ఉండదు. తెల్లవారుజామున లేవడం, ప్రార్థన, ధ్యానం, దివ్యబలిపూజ, తోటపని లేదా ఊడ్చే పని, తరగతులు, సాయంత్రం ఆట, జపమాల, చదువు, రాత్రి మౌనం. మొబైల్ దాదాపు ఉండదు. ఈ దినచర్యకు చాలామంది ఒకట్రెండు నెలల్లో అలవాటుపడతారు. దానికన్నా కష్టమైనది ఇంగ్లీషు.

తత్వశాస్త్రంలో లాజిక్, మెటాఫిజిక్స్, ఎథిక్స్, గ్రీకుల నుంచి థామస్ అక్వినాస్ దాకా చరిత్ర, భారతీయ దర్శనాల్లో సాంఖ్యం, న్యాయం, అద్వైతం ఉంటాయి. బోధన ఎక్కువగా ఇంగ్లీషులో, కొంత లాటిన్ కూడా. చివర్లో మౌఖిక పరీక్ష. తెలుగు మీడియంలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడు నోట్సు బట్టీ కొట్టి రాతపరీక్ష గట్టెక్కుతాడు, మౌఖికంలో నోరు పెగలదు. అది తెలివి తక్కువై కాదు, వాక్యం కట్టే అలవాటు లేక. అందుకే వేసవిలో పెట్టిన ఇంగ్లీషు తరగతుల్లో వ్యాకరణం తగ్గించి, రోజూ ఒక పేరా చదివి దాని సారం మూడు వాక్యాల్లో రాయించాం.

సెమినరీలో వచ్చే తత్వశాస్త్ర పట్టా శ్రీసభ పట్టా. ప్రతిచోటా దాన్ని విశ్వవిద్యాలయ డిగ్రీతో సమానంగా చూడరు. మూడేళ్లు చదివి బయటికొచ్చినవాడు ఉద్యోగ దరఖాస్తులో ఇంటర్ అని రాసుకోవాల్సిన పరిస్థితి ఇందువల్లే. కాబట్టి చేరే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న: పక్కన బీఏ చేయిస్తారా? ఏ విశ్వవిద్యాలయం నుంచి? చాలామంది అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేస్తారు. నల్లగొండ మహాత్మా గాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాల పరిధి కాలేజీల్లో డిగ్రీ ముగించి ఆ తర్వాతే చేరే దారీ ఉంది. మా మాట అడిగితే ఇదే మేలు: అబ్బాయికి వయసూ వస్తుంది, డిగ్రీ చేతిలో ఉంటుంది. మైనర్ సెమినరీ పంపే జూనియర్ కాలేజీలో ఏ గ్రూపులున్నాయో కూడా కనుక్కోండి. సీఈసీ ఒక్కటే ఉంటే సైన్సు మీద మనసున్న పిల్లవాడికి ఆ దారి అక్కడితో మూసుకుపోతుంది.

పద్దెనిమిది నిండని పిల్లల విషయంలో ఒక గట్టి మాట. ఏదైనా ఇబ్బంది జరిగితే లోపల ఎవరికి చెప్పాలో, బయట ఎవరికి చెప్పాలో తల్లిదండ్రులు చేరే రోజే రెక్టర్ ఫాదర్ గారిని (సెమినరీ పెద్దను) అడిగి తెలుసుకోవాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు పిల్లవాడికి నోటికి వచ్చి ఉండాలి. ఇది అనుమానంతో చెప్పేది కాదు. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే 2012 పోక్సో చట్టం గురువిద్యాలయ హాస్టల్‌కూ వర్తిస్తుంది.

సెలవులు, తిరిగొచ్చినవారు

వేసవి సెలవుల్లో విద్యార్థులు కొన్ని రోజులు విచారణలో ఉంటారు. వారి నడవడిక గురించి విచారణ గురువులు రెక్టర్ గారికి లేఖ రాస్తారు. ఆ రోజుల్లో వారిచేత పిల్లలకు సత్యోపదేశం (మత పాఠాలు) చెప్పించడం, రోగుల్ని చూడటానికి తీసుకెళ్లడం మంచిది. పదిహేడేళ్ల కుర్రాణ్ణి ఇప్పటినుంచే "ఫాదర్ గారూ" అని పిలిచి కుర్చీ వేసి దండలు వేయడం మాత్రం దయచేసి ఆపండి. రేపు అతను తిరిగి రావాలనుకున్నా ఆ దండలే అడ్డం పడతాయి.

తిరిగొచ్చినవారి కోసం ఈ ఏడాది ప్రత్యేకంగా ఇద్దరు సభ్యులకు బాధ్యత అప్పగించాం. టీసీ, మెమోలు వెనక్కి తెప్పించడం, చదువు ఆగిపోకుండా కాలేజీలో చేర్పించడం వారి పని. ఎందుకొచ్చావని అడగడం వారి పని కాదు.

జమాఖర్చులు: ప్రయాణాలు, నోటరీ, జిరాక్స్, డాక్టర్ పరీక్షలు, ఇంగ్లీషు తరగతులకే ఖర్చు చేశాం. పద్దు వివరాలు గుడి నోటీసు బోర్డు మీద ఉన్నాయి. సందేహాలుంటే కోశాధికారిని అడగండి.

వచ్చే ఏడాది దరఖాస్తు పెట్టాలనుకునే కుటుంబాలు పత్రాల జిరాక్సులు అక్టోబర్ నెలాఖరుకల్లా కార్యదర్శికి అందజేయాలి. ఒరిజినల్స్ సంఘానికి కూడా ఇవ్వొద్దు. సెమినరీలో ఇవ్వాల్సి వస్తే ఏమేం ఇచ్చారో రాసి సంతకంతో రసీదు తీసుకోండి.

ఇట్లు,
కార్యవర్గం