స్లైడ్ మారేలోగా...

సంపాదకులకు నమస్కారం.

మా మనవరాలు మల్కాజిగిరిలోనే ఒక ప్రైవేటు బడిలో పదో తరగతి చదువుతోంది. అక్కడ పాఠాలు తెర మీద స్లైడ్లతో చెబుతారు. మొన్న ఆదివారం దాని లెక్కల నోట్సు తిరగేస్తూ పైథాగరస్ సిద్ధాంతం దగ్గర ఆగిపోయాను. లంబకోణ త్రిభుజం ఏబీసీని చక్కగా గీసింది. బీ నుంచి కర్ణం మీదికి దించాల్సిన లంబం మాత్రం లేదు. కిందేమో 'ఏడీబీ, ఏబీసీ సరూప త్రిభుజాలు' అని రాసి ఉంది. బొమ్మలో డీ అనే బిందువే లేదు కదా, మరి ఏడీబీ ఎక్కడిదే అని అడిగాను. "స్లైడ్‌లో ఆ గీత పసుపు రంగులో ఉంది తాతయ్యా, కిటికీ వెలుతురుకి కనపడలేదు. అడిగేలోపే సార్ నెక్స్ట్ స్లైడ్‌కి వెళ్లిపోయారు" అంది. ఆపైన రెండు వరుసలు ఖాళీ. చివర్లో ఫలితం ఉంది, చుట్టూ డబ్బా గీసి మరీ.

ముప్పై ఏళ్లకు పైగా సర్కారు బడుల్లో లెక్కలు చెప్పినవాణ్ణి. ఆ లంబం గీయబోతూ చాక్‌పీసు ఆపి, "ఇక్కణ్ణుంచి ఎక్కడికి గీద్దాంరా?" అని అడిగేవాణ్ణి. ఎవడో ఒకడు ఏసీ మధ్య బిందువుకి కలపమనేవాడు. సరేనని కలిపితే సరూప త్రిభుజాలు రావు, లెక్క ముందుకు సాగదు. తుడిచేసి మళ్లీ గీసేవాళ్లం. నిరూపణ వాళ్లకు పట్టుబడేది ఆ తుడుపులోనే. కంపెనీవాళ్లు తయారుచేసి పంపే స్లైడులో తప్పుదారికి చోటుండదు. తెర మీదున్న వాక్యాన్నే టీచరు పైకి చదువుతుంటే పిల్లలు అటు వినలేరు, ఇటు చదవలేరు. రిచర్డ్ మేయర్ అనే అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ప్రయోగాలు చేసి మరీ ఈ మాట చెప్పారు.

టీచర్ల మీద నాకు ఫిర్యాదు లేదు. రోజుకు ఆరేడు పీరియడ్లు, వారానికి ఇన్ని స్లైడ్లు అయిపోవాలని పైనుంచి లెక్క. తెర వద్దనీ అనను. గుండె కవాటాలు తెరుచుకుని మూసుకోవడం నేను ఎన్ని రంగుల చాక్‌పీసులు వాడినా చూపించలేకపోయేవాణ్ణి.

అసలు పవర్‌పాయింట్ 1987లో వచ్చింది ఆఫీసు మీటింగుల కోసం. అక్కడైనా అది అన్నిటికీ పనికిరాలేదు. 2003లో మన కల్పనా చావ్లా సహా ఏడుగురిని బలిగొన్న కొలంబియా వ్యోమనౌక ప్రమాదంపై విచారణ జరిపిన బోర్డు, సాంకేతిక నివేదికలు రాయాల్సిన చోట నాసావాళ్లు స్లైడ్లతో సరిపెట్టడాన్ని తప్పుపట్టింది. ఇంజనీర్లకే అలా ఉంటే పదో తరగతి పిల్లల సంగతేమిటి?

విద్యాశాఖవారికి, యాజమాన్యాలకు నా విన్నపం ఒక్కటే. తెర పెట్టండి, పక్కన బోర్డు ఉంచండి. నిరూపణలు, లెక్కలు, బొమ్మలు టీచరు చేత్తో గీసి చెప్పాలని రాతపూర్వకంగా చెప్పండి. పవర్‌పాయింట్‌లో స్లైడ్ నడుస్తుండగా కీబోర్డు మీద బీ నొక్కితే తెర నల్లబడుతుంది, మళ్లీ నొక్కితే స్లైడ్ వస్తుంది. ఈ చిన్న సంగతి మా మనవరాలి సారుకి ఎవరూ చెప్పినట్టు లేరు.

ఆ బడిలో గదుల్లోంచి తీసేసిన బోర్డులు ఇప్పుడు సైకిల్ స్టాండ్ గోడకు ఆనించి ఉన్నాయి. వానాకాలం ముదరక ముందే వాటిని లోపలికి చేర్పిస్తే బాగుంటుంది.

— ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
మల్కాజిగిరి, హైదరాబాద్